చుట్టపుచూపు

"గడప మీద కూసోకు మే, కడుపుతో ఉండావు."
మా అత్త పోయిన వారం కూడా అరిచింది.
నల్ల నాపరాతి గడప. ఎండ పొద్దుల్లో
ఇంట్లో అంత చల్లని చోటు ఇంకోటి లేదు.
లేచినా. లేచి యాడికి పోయేది?
ఏడాదిగా నేను కూసోనుండేది గడప మీదనే.
మా ఊరి పేరే అది.

ఫ్యామిలీ వీసాకు పెట్టిన కాగితాలు
కువైట్‌లో ఏ మేజా మీద ఉండాయో,
అడిగినప్పుడల్లా ఒకటే మాట, పరిశీలనలో ఉంది.
పీర్ల పండగకు వచ్చి పదైదు దినాలుండి పోయినాడు మీ నాయన.
నువ్వు ఎవరి సంతకమూ అడగలేదు.
ఫైలు కదల్లేదు. నువ్వు కదిలినావు,
ఐదో నెలలో, ఏడురోడ్ల కాడ
బండి దగ్గర నిలబడి నేను కారందోశ తింటా ఉంటే.

అందుకే ఇది. ముప్పై దినాల విజిట్ వీసా.
ఫారంలో ఒక గడి, ఎందుకు పోతున్నారు?
ఏజెంటు ఖాజాపీరు నన్ను అడక్కుండానే నింపినాడు,
సందర్శన.
మా అత్త ఆ మాట రెండుసార్లు చదివించుకుని నవ్వింది.
"మనింట్లో నుంచి పోయినోళ్లంతా
గిన్నెలు తోమను పోయినోళ్లే.
సూసేదానికి పోయేది నువ్వే మొదులు."
పద్నాలుగేండ్లు ఒకరి పిల్లల్ని సంకనేసుకున్న మనిషి.
ఆడ సముద్రం ఉంటాదంట.
ఆమె ఒక్కనాడూ సూళ్లేదు.

కట్టుకున్నోడి దగ్గరికి చుట్టపుచూపు.
ముప్పై ఒకటో నాడు చుట్టం కాదు, నేరం.

డాక్టర్ సువార్తమ్మ చీటీ రాసింది.
ఇరవై ఎనిమిది వారాలు, ప్రయాణానికి తగిన స్థితిలో ఉంది.
సంతకం పెట్టినాక పెన్నుకు మూత పెట్టకుండా చానాసేపు ఉండి,
"పోయేదానికి నేను రాసిస్తి. వచ్చేదానికి ఎవరు రాస్తారు?"
నెల దాటితే విమానమోళ్లు ఎక్కించుకోరు.
నెల దాటితే వాళ్ల దేశం ఉండనియ్యదు.
రెండు తేదీల నడుమ ఉండే సందు
నీ మడమంత.

అత్త తెచ్చుకున్న పాత అబాయాను
దర్జీ మౌలాలి పక్కకుట్లు ఊడదీసి వదులు చేసినాడు.
దాచమని నాకెవురూ చెప్పలేదు.
చూపమనీ చెప్పలేదు.

రాత్రి బస్సు. ఘాట్ రోడ్డు ప్రతి మలుపుకూ
నేనొక పక్కకు ఒరిగితే నువ్వొక పక్కకు.
గువ్వలచెరువులో ఆపినప్పుడు అరకిలో పాలకోవా కొన్నా.
పక్క సీటు ముసలామె తన నిమ్మకాయ నా చేతిలో పెట్టి
"ఏడో నెలా? పుట్టింటికేనా?" అనె.
అవునన్నా.
ఆడ మొదలైంది అబద్ధం.
రాయచోటి దాటినా ఆమె ఇంకా చెప్తానే ఉంది,
బాలింతకు ఏ ఆకు మంచిదో, ఏది వాతమో.
అన్నిటికీ తలూపినా.
ఆ ఆకులు మీ నాయన పార్టిషన్ రూము పక్కన
యాడ దొరుకుతాయో అడగబుద్ధయింది.

బెంగుళూరులో, గాజు గూట్లో కూసున్న పిల్లోడు
పాస్‌పోర్టు ముందుకీ వెనక్కీ తిప్పినాడు.
తిరుగు టికెట్టు చూపించినా.
"ఒక్కరేనా?"
కాగితం మీద ఉండేదే చెప్పినా.
అది రెండోది. తప్పు నాదే బిడ్డా,
నువ్వు దాన్ని తన్ని మరీ గుర్తు చెయ్యబల్లేదు.

చీటీ చూసినాడు. అబాయాను చూసినాడు.
"పక్కన ఉండండి, అడిగొస్తా" అని లోపలికి పోయినాడు.

నేల మీద పసుపు గీత,
శుక్రవారం పొద్దున గడపకు పూసినట్టు.
నిలబడీ నిలబడీ కాళ్లు నీరెక్కి
యాడ నిలబడినానో చూసుకోలేదు.
తుపాకి తగిలించుకున్న ఆమె దగ్గరికొచ్చి
మన తెలుగులోనే, మెల్లగానే,
"గీత మీద వద్దమ్మా.
వెనకన్నా ఉండు, ముందుకన్నా పో."

చెప్పుల్లోంచి కూడా తెలుస్తాంది, నేల చల్లగుండాది.
కోవా పొట్లం చెమ్మగిల్లి అరచేతికి అంటుకుంటాంది.
లోపలికి పోయినోడు ఇంకా రాలేదు.